కొర్రమీనుకు, పండుగప్పకు ఫ్లై సామాను: ఎర నుంచి కర్ర దాకా

ఫ్లై గాలం సామాను కొనబోయేవారు దుకాణంలో మొదట కర్ర బేరమాడతారు, తరువాత రీలు తిప్పి చూస్తారు, చివరికి చేతిలో మిగిలిన డబ్బుకు నాలుగు ఎరలు ఇమ్మంటారు. ఈ వరుసను పూర్తిగా తిరగేయాలి. మన నీళ్ళలో ఏ చేప ఏ మరుగున కాపు కాస్తుందో, ఏం తింటుందో చూసి ముందుగా ఎరను నిర్ణయించుకోవాలి. ఆ ఎరను గాలిలో మోసుకుపోగల దారాన్ని ఆపైన ఎంచుకోవాలి. ఆ దారాన్ని విసరగల కర్రను ఆఖరున కొనాలి.

మామూలు గాలంలో సీసం గుండు గానీ, బరువున్న ఎర గానీ ముందు దూసుకుపోయి సన్నని నైలాన్ దారాన్ని వెంట లాక్కుపోతుంది. ఫ్లై పద్ధతిలో ఎర బరువు లెక్కలోకే రాదు. పూత పూసిన లావుపాటి దారమే కొరడాలా విచ్చుకుంటూ ఎరను మోసుకుపోతుంది. అందుకే ఈ దారాలకు బరువును బట్టి నంబర్లు పెట్టారు. మొదటి 30 అడుగుల బరువు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు ఉంటే అది 5 నంబరు దారం; 210 గ్రెయిన్లు, అంటే సుమారు 13.6 గ్రాములు ఉంటే 8 నంబరు. కర్ర మీద రాసి ఉండే నంబరు ఆ కర్ర ఏ దారానికి సరిపోతుందో చెబుతుంది. కొండవాగుల్లోని ట్రౌట్ చేపకు వేసే చిన్న పురుగు ఎరలకు 5 నంబరు చక్కగా సరిపోతుంది. నేను మొట్టమొదట కొన్నది కూడా అదే. అన్ని చేపలకూ ఇదొక్కటి చాలునని దుకాణంలో చెబితే నమ్మాను. గోదావరి లంకలోని ఒక మడుగు దగ్గర దానికి బొటనవేలంత కప్ప ఎర కట్టి విసిరితే, దారం ముందుకే వెళ్ళింది గానీ ఎర నా వీపు మీద వాలింది.

అమెరికా చెరువుల్లో బాస్ అనే మంచినీటి చేపకు వాడే సామానును మనం ఆదర్శంగా తీసుకోవచ్చు. ఆ చేప మన నీళ్ళలో లేదు; కానీ నాచు అంచున, మునిగిన దుంగ పక్కన కదలకుండా పొంచి ఉండి, దగ్గరకొచ్చిన కప్పనో చిన్న చేపనో ఒక్క ఉదుటున మింగే దాని అలవాటు అచ్చం మన కొర్రమీనుదే. చేపల బజారులో సీ బాస్ అని అమ్మే పండుగప్ప ఆ అమెరికా చేపకు దగ్గర చుట్టమేమీ కాదు. అయినా గౌతమి, వసిష్ఠ సముద్రంలో కలిసే చోట్ల, ఉప్పుటేర్లలో, మడచెట్ల వేళ్ళ మధ్య అది వేటాడే తీరు అలాగే ఉంటుంది. అందువల్ల బాస్ కోసం తయారైన 7, 8 నంబర్ల సామాను ఈ రెండింటికీ పనికొస్తుంది.

ఫ్లై అన్న మాటకు ఈగ అని అర్థమైనా, మనకు కావలసింది ఈగ కాదు, కప్ప. కొర్రమీను నీటిలోని గాలితో సరిపెట్టుకోలేక, మధ్య మధ్య పైకి వచ్చి గాలి మింగిపోతుంది. గుర్రపుడెక్క మధ్య ఖాళీ జాగాలో బుడగలు లేచి నీరు ఒక్కసారి గుడగుడమంటే అక్కడ అది ఉన్నట్టే. అలా పైకి చూసే అలవాటున్న చేపకు నీటిపై తేలే ఎరే మేలు. ముందు భాగం చదునుగానో, కాస్త గుంటగానో ఉండి, లాగినప్పుడల్లా టప్పుమని నీటిని కొట్టే ఎరను పాపర్ అంటారు. విదేశాల్లో దీన్ని బోలుగా ఉండి తేలే జింక వెంట్రుకలతో కూడా కడతారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది కనుక అడవి జింక వెంట్రుకల జోలికి పోవద్దు. పాత హవాయి చెప్పు అడుగు ఆ పనికి భేషుగ్గా సరిపోతుంది.

ఆ అడుగు నుంచి చిటికెన వేలంత లావు, రెండున్నర సెంటీమీటర్ల పొడవు ఉన్న ముక్కను బ్లేడుతో కోసి, వెనక వైపు కొద్దిగా సన్నం చేయాలి. 2/0 సైజు గాలం కాడకు ముందు నూలు దారం ఒత్తుగా చుట్టాలి. నున్నని ఇనుము మీద జిగురు నిలవదు, ఎర గిర్రున తిరిగిపోతుంది. తరువాత ముక్క అడుగున సన్నని గాటు పెట్టి, జిగురు వేసి, కాడను అందులో కూర్చోబెట్టాలి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు: కాడను ముక్క నడిమికంటా దింపితే రబ్బరు గాలం నోటిని కప్పేస్తుంది, చేప వచ్చి కొట్టినా ముల్లు దిగదు. కాడ అడుగు అంచునే ఉండాలి, మొనకూ రబ్బరుకూ మధ్య వేలు పట్టేంత ఖాళీ ఉండాలి. తోకకు కోడి ఈకలు నాలుగు, రెండేసి చొప్పున వంపు బయటికి తిరిగేలా కడితే ఈదే కప్ప కాళ్ళలా విచ్చుకుంటాయి. సంక్రాంతి వెళ్ళాక మన జిల్లాల్లో ఈ ఈకలకు కొదవేమీ ఉండదు. కాకి, డేగ, నెమలి అని పిలిచే కోళ్ళ రంగుల్లో ఏది కావాలంటే అది దొరుకుతుంది. ఒకసారి కాలవ గట్టు మీద నేను ఇలాంటిది కట్టుకుంటుంటే ఒక పెద్దాయన ఆగి, "ఆయ్, కోడీకకి కొర్రమీను పడుద్దాండీ బాబూ?" అని అడిగి, పడేదాకా కదల్లేదు. అయితే పడింది సాయంత్రం పొద్దు వాలాక.

రంగు విషయంలో ఎక్కువ ఆలోచన అక్కరలేదు. నీరు తేటగా ఉంటే ఆకుపచ్చ, గోధుమ. వరద రోజుల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు, తెల్లవారుజామున, మసక చీకటిలో నలుపు. కింది నుంచి చూసే చేపకు ఆకాశం వెలుగులో నల్లని ఆకారమే స్పష్టంగా కనిపిస్తుంది.

పండుగప్పకు పైన తేలే ఎర కన్నా నీటిలో మునిగి చిన్న చేపలా కదిలే ఎర ఎక్కువగా ఉపయోగపడుతుంది. పెన్సిల్వేనియాకు చెందిన బాబ్ క్లౌసర్ 1987లో స్మాల్‌మౌత్ బాస్ కోసం రూపొందించిన క్లౌసర్ మిన్నో అందుకు తగినది. దాని కాడ మీద డంబెల్ ఆకారంలో లోహపు కళ్ళు కడతారు. ఆ బరువు వల్ల గాలం తిరగబడి ముల్లు పైకి ఉంటుంది, అడుగున వేళ్ళకు తట్టుకోవడం తగ్గుతుంది. లాగి వదిలితే తల కిందికి వాలి, మళ్ళీ లాగితే లేస్తుంది. తెలుపు మీద లేత ఆకుపచ్చ మేక వెంట్రుకలు కట్టి, మధ్యలో నాలుగు తళుకు పోగులు వేస్తే పరిగెకు సరిపోయే పోలిక వస్తుంది.

ఏ ఎరకైనా నాచు తగలని అడ్డు తప్పనిసరి. గట్టి నైలాన్ ముక్కను గాలం వంపు దగ్గర కట్టి, మొన ముందుగా వంచి, గాలం కన్ను, అంటే దారం కట్టే రంధ్రం దగ్గర ముడివేస్తే చాలు. ఈ అడ్డు లేని ఎరతో తూటుకాడలోకి విసిరితే ప్రతి విసురుకూ ఒక మోపు కాడలు లాక్కోవలసి వస్తుంది.

ఇక దారం. ముందు భాగం బరువుగా, పొట్టిగా ఉండి నీటిపై తేలే 8 నంబరు దారం తీసుకోవాలి. పెద్ద ఎర గాలిని అడ్డుకుంటుంది కాబట్టి దాన్ని తిరగేసే బలం ఆ లావు భాగం నుంచే వస్తుంది. పెట్టె మీద ఉష్ణదేశాలకు, అంటే ట్రాపికల్ అని రాసి ఉందో లేదో తప్పక చూడండి. చలిదేశాల కోసం చేసిన దారం మన వేసవి ఎండకు మెత్తబడి, కర్ర రింగులకు అతుక్కుని జారడం మానేస్తుంది. నా లెక్కలో డబ్బు ఎక్కువ పెట్టవలసిన ఒకే ఒక్క వస్తువు ఇది.

దారం చివర, ఎరకు ముందు కట్టే లీడర్ ఆరేడు అడుగులు చాలు. ఇంకా పొడవు పెడితే పెద్ద పాపర్ తిరగబడక నీటిలో కుప్పగా పడుతుంది. కొర్రమీనుకు కనీసం 20 పౌండ్ల లాగుడుకు తెగకుండా ఆగే దారం ఉండాలి. పట్టగానే అది నాచులోకి దూరిపోతుంది కనుక సన్నదారపు సున్నితం ఇక్కడ పనికిరాదు. పండుగప్పకు చివర అడుగున్నర పొడవున 40 పౌండ్ల ముక్క అదనంగా కట్టాలి, ఎందుకంటే దాని నోరు గరుకు కాగితంలా ఉంటుంది, మొప్ప మూత అంచు కత్తిలా కోస్తుంది. ఆ అంచు వేలికి తగలనివ్వవద్దు.

కర్ర తొమ్మిది అడుగులది, 8 నంబరుది, నాలుగు ముక్కలుగా విడిపోయేది. కోనసీమ కాలవ గట్టున వెనక వైపు కొబ్బరి చెట్లుంటాయి; వెనక్కి ఊపకుండా దారాన్ని నీటి మీదే దొర్లించి ముందుకు విసిరే పద్ధతి నేర్చుకోవాలి. ముప్పై, నలభై అడుగుల దూరం చాలు. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి మొదలవుతుంది, అప్పుడు 8 నంబరు విలువ తెలుస్తుంది. వీటన్నిటికన్నా ముఖ్యమైన మాట: ఈ కర్రలు కార్బన్‌తో చేసినవి, వాటిలో కరెంటు పారుతుంది. రొయ్యల చెరువుల చుట్టూ మోటార్ల తీగలు తలెత్తితే తగిలేటంత కిందికి వేలాడుతుంటాయి. కర్ర బిగించే ముందు తలెత్తి చూడండి. తీగ కింద ఎంత మంచి మడుగున్నా వదిలేయండి. ఉరుములు వినిపిస్తే కర్ర కింద పెట్టేయండి.

రీలు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. కొర్రమీనుకు అది దారం చుట్టుకునే చక్రం మాత్రమే. పండుగప్పకు మంచి బ్రేకు, వెనక వంద మీటర్ల అదనపు దారం అవసరం. చేప కొట్టగానే కర్ర పైకెత్తవద్దు. దారం బిగుసుకునేదాకా ఓపిక పట్టి, ఎడమ చేత్తో దారాన్ని నేరుగా వెనక్కి గుంజాలి. గట్టి నోటిలో ముల్లు దిగేది అలాగే.

ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవలు వేసవిలో కట్టేసినప్పుడు నీరు గుంటల్లో నిలుస్తుంది. ఆ గుంటలు, కార్తీకం దాటాక తేటపడిన లంక మడుగులు మొదలుపెట్టడానికి అనువైనవి. పంచాయతీ చెరువు వేలం పాడుకున్న వారిని అడగకుండా గాలం వేయకూడదు. కోరింగ, కొల్లేరు అభయారణ్యాల హద్దుల్లో అటవీ శాఖ అనుమతి లేకుండా అసలే వద్దు. వానాకాలంలో ఎర్రని పిల్లల గుంపు ఒకటి నీటి పైన ముద్దగా కదులుతూ కనిపిస్తే దాని కిందే తల్లీతండ్రీ కొర్రమీన్లు కాపలా ఉంటాయి. ఎర ఏది వేసినా కోపంతో కొడతాయి. వాటిని పట్టేస్తే ఆ పిల్లలు ఇతర చేపల పాలే కనుక, దారం చుట్టుకుని పక్క మడుగుకు నడవండి.

ఉప్పునీటిలో తిరిగి వచ్చిన రోజు రీలు, దారం, కర్ర రింగులు మంచినీటితో కడగాలి. ఎరల డబ్బాను మూత తీసి రాత్రంతా ఆరనివ్వాలి. తడిగా మూసిన డబ్బాలో రెండు రోజులకే గాలం మొనలు తుప్పెక్కి, పండుగప్ప నోటికి తగిలీ తగలగానే విరిగిపోతాయి.