కెల్ప్ అడవిలో డైవింగ్‌కు దిగే ముందు జాగ్రత్తలు

కెల్ప్ అనే పొడవైన సముద్రపు నాచు అడవిలా పెరిగే కాలిఫోర్నియాలోని మాంటరే తీరంలో నీటి ఉష్ణోగ్రత సాధారణంగా 10 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది కనుక, 7 మిల్లీమీటర్ల మందం గల వెట్‌సూట్ (ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు సూట్) గానీ, శిక్షణ పొందినవారైతే డ్రైసూట్ (లోపలికి నీరు రానివ్వని సూట్) గానీ వేసుకుని, తలకు హుడ్, చేతులకు గ్లోవ్స్ తప్పక ధరించాలి. మందపాటి సూట్ మనిషిని పైకి తేలుస్తుంది. వెచ్చని సముద్రంలో మునగడానికి సరిపోయిన బరువులు ఇక్కడ చాలవు.

ఒడ్డున నిలబడి అలలను కొంతసేపు గమనించాలి. అవి రాళ్లపై విరుచుకుపడుతుంటే, మనం ఎంత దూరం నుంచి వచ్చినా సరే, ఆ రోజుకు మానుకోవడమే మేలని నా అభిప్రాయం.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ కెల్ప్ విషయంలో అవసరం. వేలాడే గొట్టాలను ఒంటికి దగ్గరగా బిగించి, ఫిన్ల (పాదాలకు తొడిగే ఈత రెక్కల) పట్టీల చివరలకు టేపు చుట్టాలి. కత్తి చేతికందే చోట ఉండాలి. చిక్కుకున్నప్పుడు గిరగిరా తిరిగితే కాడలు మరింత చుట్టుకుంటాయి. నిదానంగా ఆగి, కాడను పుల్లలా మడిచి విరిస్తే తెగుతుంది, లాగితే మాత్రం సాగుతుందే గానీ తెగదు. నీటిపై పరుచుకున్న ఆకుల కింద నుంచే ఒడ్డువైపు రావలసి ఉంటుంది కాబట్టి, సిలిండర్‌లో గాలి ధారాళంగా ఉండగానే వెనుదిరగాలని జోడీతో ముందే మాట్లాడుకోవాలి.

సీల్ అనే సముద్ర జంతువు దగ్గరికొచ్చి ఫిన్‌ను కొరికినా చేయి చాపకూడదు, వెంబడించకూడదు. 1972 నాటి అమెరికా సముద్ర క్షీరదాల రక్షణ చట్టం ప్రకారం వాటిని వేధించడం నేరం.