పీసీయా, వర్క్‌స్టేషనా? కొనే ముందు పోల్చి చూడటం ఎలా

షాపులో ఇంచుమించు ఒకే ధరకు రెండు మెషీన్లు చూపిస్తారు. ఒకటి పెద్ద గ్రాఫిక్స్ కార్డు, రంగు లైట్లున్న డెస్క్‌టాప్. రెండోది నల్లగా, సాదాగా ఉండే వర్క్‌స్టేషన్, అంటే బరువైన వృత్తి పనుల కోసం చేసిన కంప్యూటర్: డెల్ ప్రిసిషన్, హెచ్‌పీ జెడ్, లెనోవో థింక్‌స్టేషన్ లాంటిది. కాగితం మీద మొదటిదే బలంగా కనిపిస్తుంది. ఎక్కువ మందికి సరిపోయేదీ అదే. కానీ కొన్ని పనులకు రెండోదే కావాలి. మీ పని ఏ కోవలోకి వస్తుందో తేల్చాలంటే స్పెసిఫికేషన్ల పట్టిక చాలదు, మీ సొంత ఫైలు కావాలి.

1. ఇప్పుడున్న మెషీన్ ఎక్కడ ఆగుతోందో పట్టుకోండి

రోజూ మిమ్మల్ని ఎక్కువసేపు వెయిట్ చేయించే ఫైలు ఒకటి తెరవండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీకి వెళ్లి, పని చేస్తూనే గ్రాఫ్‌లు గమనించండి.

చాలామంది పొరబడేది ఇక్కడే. భవనాల డిజైన్‌కు వాడే రెవిట్‌లో మోడల్ కదలక మొరాయిస్తుంటుంది, సీపీయూ (ప్రాసెసర్) మాత్రం 8 శాతమే చూపిస్తుంటుంది. ప్రాసెసర్ ఖాళీగానే ఉంది కదా, గ్రాఫిక్స్ కార్డు మారిస్తే సరిపోతుందని వేలకు వేలు పోస్తారు. 16 థ్రెడ్ల ప్రాసెసర్‌లో, అంటే ఒకేసారి 16 వరుసల్లో పని నడిపేదానిలో, ఒక థ్రెడ్ పూర్తిగా నిండినా మొత్తం మీద కనిపించేది 6 శాతమే. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్లుగా మార్చి చూడండి. ఒకటి రెండు గడులే పైకి లేచి మిగతావి ఖాళీగా ఉంటే, మీకు కావాల్సింది ఎక్కువ కోర్లు (ప్రాసెసర్‌లో పని చేసే భాగాలు) కాదు, ఒక్కో కోరు వేగం. రెవిట్, ఆటోక్యాడ్‌లలో చాలా పనులు ఇంతే. వీటికి ఎన్నో కోర్లున్న ఖరీదైన థ్రెడ్‌రిప్పర్ ప్రో కన్నా కొత్త తరం కోర్ అల్ట్రా 7, రైజెన్ 7 లాంటివే ముందుండొచ్చు. అదే త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో సీపీయూ మీద రెండర్ (తుది చిత్రం తయారీ) పెడితే గడులన్నీ నిండుతాయి. అక్కడ కోర్లకు పెట్టిన ప్రతి రూపాయీ పనికొస్తుంది.

ర్యామ్ నిండిపోయి డిస్క్ గ్రాఫ్ ఎగిరెగిరి పడుతుంటే అసలు కొత్త మెషీనే అక్కర్లేకపోవచ్చు. మెమరీ పేజీలో కింద ఎన్ని స్లాట్లకు ఎన్ని వాడారో రాసి ఉంటుంది. రెండింటిలో ఒకటే వాడి ఉంటే అలాంటిదే ఇంకో స్టిక్ వేయించి, ఆ తర్వాత ఆలోచించండి.

2. పేరు కాదు, పూర్తి నంబరు అడగండి

"ఐ7, పదమూడో జనరేషన్" అంటే ఏమీ చెప్పనట్టే. ఐ7-1355యూలో 10 కోర్లు, వాటిలో వేగమైనవి రెండే. ఐ7-13700హెచ్‌లో 14 కోర్లు, వేగమైనవి ఆరు. రైజెన్ 5 7520యూ అనే పేరు కొత్తగా వినిపిస్తుంది కానీ లోపల ఉన్నది 2019 నాటి జెన్ 2 డిజైన్. నంబరు మొత్తం రాసిస్తేనే పోల్చడానికి కూర్చోండి.

ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్‌కు ఇంకో ప్రశ్న ఉంది: ఎన్ని వాట్లు? ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్‌ను తయారీదారులు 35 నుంచి 115 వాట్ల మధ్య ఎక్కడైనా పెట్టొచ్చు. స్టిక్కరు ఒకటే, వేగం ఒకటి కాదు. గ్రాఫిక్స్ కార్డు సొంత మెమరీ అయిన వీడియో మెమరీ కూడా విడిగా చూడాలి. డెస్క్‌టాప్ కార్డుల్లో పాత ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ రకం ఉంది, 4060లో 8 జీబీయే. పెద్ద సీన్లు రెండర్ చేసేవారికి ఈ తేడా గట్టిగా తగులుతుంది.

3. అదే వేగానికి వర్క్‌స్టేషన్‌కు ఇచ్చే అదనపు డబ్బు దేనికో తెలుసుకోండి

మొదటిది ఈసీసీ మెమరీ. ర్యామ్‌లో ఒక బిట్ తారుమారైతే అది పట్టుకుని సరిదిద్దుతుంది. రెండు మూడు రోజులు ఆగకుండా నడిచే సిమ్యులేషన్లకు, సర్వర్‌లా వాడే మెషీన్‌కు ఇది విలువైనదే. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవారికి అంత అవసరం లేదు. డీడీఆర్5లో ఎలాగూ ఈసీసీ ఉంటుందని షాపతను అంటే నమ్మకండి. అది చిప్ లోపలి వరకే పనిచేసేది, పూర్తి ఈసీసీ కాదు.

రెండోది సర్టిఫికేషన్. సాలిడ్‌వర్క్స్, సీమెన్స్ ఎన్‌ఎక్స్ లాంటి యంత్ర డిజైన్ సాఫ్ట్‌వేర్లు చేసే కంపెనీలు ఫలానా కార్డు, ఫలానా డ్రైవర్ పరీక్షించామని జాబితా ఇస్తాయి. జాబితాలో లేని కార్డుతో సమస్య వస్తే సపోర్టు వాళ్లు ముందు అదే ఎత్తి చూపుతారు. ఎన్విడియా కొత్త కార్డుల మీద క్వాడ్రో పేరు ఇప్పుడు ఉండదు. ఆర్‌టీఎక్స్ 4000 ఏడా వర్క్‌స్టేషన్ కార్డు, ఆర్‌టీఎక్స్ 4070 గేమింగ్ కార్డు. బిల్లులో తారుమారు కాకుండా చూసుకోండి.

మూడోది సర్వీసు. చాలా వర్క్‌స్టేషన్లకు మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ తీసుకోవచ్చు, మనిషి మీ ఆఫీసుకే వస్తాడు. అసెంబుల్డ్ పీసీలో ఒక్కో పార్టుకూ ఒక్కో వారంటీ, తిరగాల్సింది మీరే. డెడ్‌లైన్ల మీద బతికే చిన్న ఆఫీసుకు నా లెక్కలో ఈసీసీ కన్నా ఇదే పెద్ద కారణం.

4. మీ ఫైలుతోనే పోటీ పెట్టండి

సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లో, బేరం కుదిరేలా ఉంటే చాలా షాపులు డెమో మెషీన్ మీద కూర్చోనిస్తాయి. పెన్‌డ్రైవ్‌లో ఫైలు తీసుకెళ్లండి. ముందు దాన్ని మెషీన్‌లోకి కాపీ చేయండి, లేకపోతే మీరు కొలిచేది పెన్‌డ్రైవ్ వేగం. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఉంచండి. రెండు మెషీన్లలో అదే రెండర్, అదే ఎక్స్‌పోర్ట్ నడిపి ఫోన్‌లో టైం చూడండి. ఇరవై నిమిషాలైనా నడపాలి. మొదటి రెండు నిమిషాలు దూసుకుపోయి, వేడెక్కాక చతికిలపడేవి చాలా ఉన్నాయి.

అలా కుదరకపోతే క్యాడ్ పనికి స్పెక్‌వ్యూపెర్ఫ్, బ్లెండర్‌కు బ్లెండర్ ఓపెన్ డేటా, వీడియో ఎడిటింగ్ చేసే ప్రీమియర్‌కు ప్యూజెట్‌బెంచ్ అనే వేగ పరీక్షల ఫలితాలు నెట్‌లో చూడండి. గేముల ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) అంకెలు మీ పనికి పెద్దగా ఉపయోగపడవు.

మ్యాక్ ఆలోచన ఉంటే ముందు సాఫ్ట్‌వేర్ చూసుకోండి. రెవిట్, సాలిడ్‌వర్క్స్, భవన నిర్మాణ లెక్కల ఈట్యాబ్స్‌లకు మ్యాక్ వెర్షన్లు లేవు. పైగా ఎం సిరీస్ మ్యాక్‌లలో ర్యామ్ తర్వాత పెంచుకోలేం.

5. ధర పక్కన మిగతా ఖర్చు రాయండి

ఒకటి రెండోదానికన్నా 150 వాట్లు ఎక్కువ లాగితే, రోజుకు 8 గంటల చొప్పున 25 రోజులకు 30 యూనిట్లు. యూపీఎస్ కూడా లెక్కలోకి రావాలి. ఇళ్లలో వాడే 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్లే మోస్తాయి, పెద్ద కార్డున్న మెషీన్‌ను కరెంటు పోగానే కింద పడేస్తాయి. మీ వ్యాపారానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే మీ నంబరుతోనే బిల్లు తీసుకోండి. 18 శాతం పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ వస్తే, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి అది తగ్గితే, రెండింటి మధ్య లెక్కే మారిపోవచ్చు.

మెషీన్ ఇంటికి చేరిన రోజే టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ నంబరు, ర్యామ్ స్లాట్లు, కార్డు మెమరీ కొటేషన్‌తో సరిచూడండి. రిటర్న్ గడువు ముగిసేలోపే ఒక రాత్రంతా బరువైన పని పెట్టి వదిలేయండి. రీస్టార్ట్ అయినా, నీలం తెర వచ్చినా మర్నాడే షాపుకు ఫోన్ చేయండి.