ముఖానికి ఎండ రక్షణ – మూడో పాఠం: రెండు వేళ్ళూ పూర్తిగా, ఏమీ కలపకుండా

పోయిన పాఠంలో సన్‌స్క్రీన్ ఎంత రాసుకోవాలో చెప్పాను. చూపుడు వేలు, మధ్య వేలు చాపి, మొదలు నుంచి కొన దాకా రెండు గీతలు పిండుకుంటే ముఖానికీ మెడకీ సరిపోతుందని రాశాను. ఈసారి ట్యూబు మీది అక్షరాలు చదవడం నేర్పుతానని మాట కూడా ఇచ్చాను. వాటిని చివర్లో చూద్దాం. మీరు రాసి పంపినవి, మా మెడికల్ షాపు కౌంటర్ దగ్గరికి వచ్చి చెప్పినవి విన్నాక ముందు ఆ రెండు వేళ్ళ సంగతే మళ్ళీ తీయాల్సి వచ్చింది.

ఆచంట వైపు నుంచి ఒకావిడ, "రెండు వేళ్ళు రాస్తే ముఖం మీద బియ్యప్పిండి చల్లినట్టుంది అక్కా, నాలుగు చుక్కలు కొబ్బరి నూనె కలిపాను, చక్కగా పాకింది" అన్నారు. కడియం నర్సరీలో పనిచేసే అమ్మాయికి పదింటికల్లా చెమటతో పాటు కళ్ళల్లోకి దిగి ఒకటే మంటట. భీమవరం దగ్గర రొయ్యల చెరువు మీద ఉండే తమ్ముడు పొద్దున్న ఆరింటికి రాసుకుని మధ్యాహ్నం రెండింటి దాకా గట్టు మీదే ఉన్నాడు. "యాభై నంబరుదేనండి, అయినా ముఖం కమిలిపోయింది" అన్నాడు. ఇంకొకావిడ సంతోషంగా చెప్పిన మాట నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది. "మీరు చెప్పినట్టే రోజూ రాస్తున్నానండి, ట్యూబు ఆరు నెలలు వచ్చింది."

ముందు ఆ ఆరు నెలల లెక్క చూద్దాం. ఎండ నుంచి ఎంత రక్షణో చెప్పడానికి ట్యూబు మీద వేసే ఎస్‌పీఎఫ్ నంబరును ల్యాబులో చర్మం మీద చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి కొలుస్తారు. ముఖం, మెడ ముందు భాగం కలిపి ఇంచుమించు 600 చదరపు సెంటీమీటర్లు అనుకోండి. అంటే ఒక్కసారికి 1.2 గ్రాములు కావాలి. 50 గ్రాముల ట్యూబు సుమారు నలభై సార్లకు వస్తుంది. రోజుకు ఒక్కసారి రాస్తే నెల మీద పది రోజులు, రెండుసార్లు రాస్తే మూడు వారాలు. ఆరు నెలలు వచ్చిందంటే ఆవిడ రోజూ రాసింది పావు వంతు. సగం రాస్తేనే రక్షణ సగానికి, ఒక్కోసారి అంతకన్నా కిందికి పడిపోతుంది. పావు వంతు రాసినప్పుడు ట్యూబు మీది యాభై ముఖం మీద యాభైలా పనిచెయ్యదు.

సరిగ్గా రాస్తే ఎస్‌పీఎఫ్ 15 ఎండలోని, చర్మాన్ని కమిలించే బి రకం (యూవీబీ) కిరణాల్లో దాదాపు 93 శాతాన్ని ఆపుతుంది. 30 అయితే 97, 50 అయితే 98. ముప్పైకీ యాభైకీ తేడా ఎంతో చూశారుగా. ముప్పై నంబరుది నిండుగా రాసుకున్నవాళ్ళు, యాభై నంబరుది బఠాణీ గింజంత రాసుకున్నవాళ్ళ కంటే ఎంతో సురక్షితంగా ఉంటారు. నేను ఆ బఠాణీ గింజంతే రెండేళ్ళు రాశాను. రెండో కాన్పు తర్వాత బుగ్గల మీద మంగు వచ్చింది. ఖరీదైన ట్యూబే కొన్నాను. పొదుపుగా వాడి, దాన్నే నమ్ముకుని ఎండలో బండి మీద తిరిగాను. మంగు ముక్కు మీదికీ పాకింది. అందుకే ఈ కొలత దగ్గర నేను పట్టు విడవను.

ఇక కలపడం గురించి. దీన్ని విడమరిచి చెప్పాలి, ఎందుకంటే మీలో సగం మంది ఏదో ఒకటి కలుపుతున్నారు.

సన్‌స్క్రీన్ మందులాగా చర్మంలోకి ఇంకి పనిచేసేది కాదు. చర్మం మీద పొరలా ఆరాలి. అందులోని నీరు ఆరిపోయాక, కిరణాలను ఆపే పదార్థాలు ఎక్కడా ఖాళీ లేకుండా పరుచుకోవాలి. తయారుచేసేవాళ్ళు నూనె, నీరు, ఈ పదార్థాలు విడిపోకుండా, సమంగా ఆరేలా లెక్క చూసి కలుపుతారు. ఇంట్లో గోడకు సున్నం వేయించినప్పుడు చూసే ఉంటారు. చిక్కగా వేస్తే చెయ్యి లాగుతోందని నీళ్ళు ఎక్కువ పోస్తే కుంచె హాయిగా నడుస్తుంది, కానీ ఆరాక పాత గోడ మచ్చలన్నీ కిందనుంచి కనపడతాయి. ముఖం మీద ఆ మచ్చలు అప్పుడు కనపడవు. నెలా రెండు నెలలయ్యాక మంగు రూపంలో బయటపడతాయి.

మాటలతో నమ్మరని కౌంటర్ అద్దం మీద వేసి చూపించాను. ఒక పక్క సన్‌స్క్రీన్ ఒక్కటే వేలితో పాకించాను. రెండో పక్క అంతే సన్‌స్క్రీన్‌లో మూడు చుక్కలు కొబ్బరి నూనె కలిపి పాకించాను. నూనె కలిపింది నిజంగానే తేలిగ్గా జారింది. పది నిమిషాలాగి అద్దం కింద చెయ్యి పెట్టి చూశాం. మొదటి పక్క చెయ్యి మసకగా ఒకే తీరున కనపడింది. రెండో పక్క తెల్లది గింజలు గింజలుగా విడిపోయి ఉంది, మధ్యలో నూనె మెరుస్తున్న ఖాళీల్లోంచి నా గాజుల గీతలు స్పష్టంగా కనపడ్డాయి. వేలితో తాకితే అది ఇంకా ఆరనే లేదు. ఆ ఖాళీలే ముఖం మీద కూడా ఉంటాయి. పైగా ఆరని పొర మన ఉక్కకి చెమటతో కలిసి గడ్డం కిందికి జారిపోతుంది.

కోనసీమలో కొబ్బరి నూనె లేని ఇల్లు ఉండదు, తలకు రాసుకోండి, ఒంటికి రాసుకోండి. కానీ అది ఎండను ఆపదు, మొటిమలు వచ్చే ముఖమైతే రంధ్రాలు మూసుకుపోయి ఇంకా పెరుగుతాయి. కోల్డ్ క్రీము కలపడం కూడా అంతే. రెండు వేళ్ళలో ఒక వేలు సన్‌స్క్రీన్, ఒక వేలు కోల్డ్ క్రీము పెడితే సన్‌స్క్రీన్ సగమే కదా రాసినట్టు. పన్నీరు, కలబంద గుజ్జు, ఫౌండేషన్, పౌడరు, పసుపు, అన్నిటికీ ఇదే జవాబు. ముప్పై నంబరుదీ పదిహేను నంబరుదీ కలిపి నలభై ఐదు అనుకునేవాళ్ళకు కూడా. నిమ్మరసం మాత్రం ఇంకో రకం ప్రమాదం. నిమ్మ చెక్క రుద్దుకుని ఎండలోకి వెళ్తే ఆ రసం ఎండతో కలిసి చర్మాన్ని బొబ్బలెక్కించగలదు, తర్వాత నల్లటి చారలు నెలల తరబడి ఉంటాయి.

ముఖం పొడిబారుతుంటే మాయిశ్చరైజరు ముందు రాసి, అది ఇంకాక సన్‌స్క్రీన్ రాయండి. పౌడరు కావాలంటే అంతా ఆరాక పైన అద్దుకోండి. అరచేతిలో రెండూ కలపడం వద్దు.

తెల్లగా కనపడే ఇబ్బంది నిజమే, దానికి వేరే దారులున్నాయి. ఒక వేలు పిండుకుని రాయండి, టీ తాగి రండి, రెండో వేలు రాయండి. నేను మొదటి పూత స్నానం అవగానే, రెండోది జడ వేసుకున్నాక వేస్తాను. ఒకేసారి రుద్దితే చారలుగా నిలిచేది ఇలా అయితే సర్దుకుంటుంది. అప్పటికీ తెల్లగా ఉంటే రకం మార్చండి. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఎక్కువున్నవి మన ఛాయ మీద తెల్లగా తేలతాయి. జెల్ రకాలు అలా తెల్లగా కనపడవు. మంగు ఉన్నవాళ్ళకు నేను టింటెడ్ రకమే ఇస్తాను. ఐరన్ ఆక్సైడ్ వల్ల దానికి చర్మం రంగు వస్తుంది. మనలాంటి చామనఛాయ చర్మంలో మామూలు వెలుగు కూడా మంగును ముదురు చేస్తుంది, ఆ వెలుగును ఆపేది ఈ ఐరన్ ఆక్సైడే.

కళ్ళ మంటకి: నుదుటి మీద, కళ్ళ చుట్టూ జింక్ ఉన్నది, మిగతా ముఖానికి జెల్. కనురెప్పల దాకా లాగకండి. చెమట పడితే తుడిచి రుద్దొద్దు, నూలు తువ్వాలుతో అద్దండి.

చెరువు తమ్ముడికి ఒక మాట. ఆరింటికి రాసింది రెండింటి దాకా ఉండదు. బయట పనిచేసేవాళ్ళు రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. వాటర్ రెసిస్టెంట్ అని ఉన్నా దాని లెక్క తడిలో 40 నిమిషాలు లేదా 80 నిమిషాలు మాత్రమే. బయల్దేరడానికి పావుగంట ముందు రాసుకోవాలి. గట్టు మీద నాలుగుసార్లు రాయడం కుదరదంటే అంచు వెడల్పున్న టోపీ, మెడ మీదికి తువ్వాలు. నన్నడిగితే రోజంతా ఎండలో ఉండేవాళ్ళకు టోపీయే ముందు, ట్యూబు తర్వాత. ఆ ట్యూబును బండి డిక్కీలో వదిలేయకండి, ఆ వేడికి పాడవుతుంది.

రోహిణి కార్తెలో తప్ప అక్కర్లేదని కొందరు అనుకుంటున్నారు. వేడి వేరు, కిరణాలు వేరు. కిరణాల బలం సూర్యుడు ఎంత నెత్తిమీద ఉన్నాడన్నదాన్ని బట్టి ఉంటుంది. మన డెల్టాలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మళ్ళీ ఒకసారి. ఆగస్టు అంటే నాట్ల రోజులు. మబ్బు పట్టి చల్లగా ఉందని ముఖానికి ఏమీ లేకుండా చేలో దిగుతారు, పలచటి మబ్బు కిరణాలను పెద్దగా ఆపదు. గుర్తు చాలా తేలిక. మీ నీడ మీ ఎత్తు కన్నా చిన్నగా ఉంటే రక్షణ కావాలి. సంక్రాంతి నాడు మధ్యాహ్నం కూడా మన ఊళ్ళలో నీడ మన ఎత్తు కన్నా చిన్నదే. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వెళ్ళినప్పుడు గాలి చల్లగానే ఉంటుంది, కానీ పొడి ఇసుక 15 శాతం దాకా కిరణాలను కింద నుంచి ముఖం మీదికి కొడుతుంది. గొడుగు వేసుకున్నా సన్‌స్క్రీన్ మానొద్దు. నరసాపురం రేవులో పంటు కోసం నిలబడే సమయం కూడా లెక్కలో వేసుకోండి. కారు పక్క అద్దం బి రకాన్ని ఆపుతుంది, మంగును ముదిర్చే ఎ రకాన్ని (యూవీఏ) మాత్రం పూర్తిగా ఆపదు, కొంత లోపలికి వదిలేస్తుంది.

ఆ ఎ రకం కోసమే ట్యూబు మీద రెండో గుర్తు చూడాలి. ఎస్‌పీఎఫ్ నంబరు ముఖ్యంగా బి రకానికే. పీఏ అని ఉండి పక్కన ప్లస్‌లు ఉంటే అది జపాన్ పద్ధతి, నాలుగు ప్లస్‌లు అన్నిటికన్నా ఎక్కువ. మూడుకు తగ్గింది కొనకండి. గుండ్రటి గీత లోపల యూవీఏ అని ఉంటే యూరప్ పద్ధతి, ఎ రకం రక్షణ ఎస్‌పీఎఫ్‌లో కనీసం మూడో వంతు ఉందని అర్థం. ఇంట్లో ఉండేవాళ్ళకు 30 చాలు, బయట తిరిగేవాళ్ళు 50 తీసుకోండి. గడువు తేదీ చూడండి. గర్భిణులకు, ఏది రాసినా దురద పెట్టే చర్మానికి జింక్, టైటానియం రకాలే నా ఎంపిక. 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సన్‌స్క్రీన్ నియమాలకు ప్రతిపాదన చేసినప్పుడు సురక్షితం, సమర్థం అని చెప్పడానికి తగిన సమాచారం ఉందన్నవి ఈ రెండే. ఆరు నెలల లోపు పిల్లలకు ఏదీ వద్దు, నీడే.

ఒక్క విషయం మాత్రం బతిమాలి చెబుతున్నాను. "మంగు క్రీము" అని, "తెల్లబడే క్రీము" అని చీటీ లేకుండా తెచ్చుకునే ట్యూబుల్లో చాలావాటిలో స్టిరాయిడ్ ఉంటుంది. వారంలో ముఖం మెరుస్తుంది. నెలల తరబడి వాడితే చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, కాస్త ఎండ తగిలినా మండుతుంది. ఆ ముఖానికి ఏ సన్‌స్క్రీనూ సరిపడదు. 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టిరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలనే జాబితాలో చేర్చింది. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని ఏది కనపడినా, ఎన్నాళ్ళుగా వాడుతున్నారో రాసుకుని ట్యూబుతో సహా చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. చాన్నాళ్ళు వాడి ఉంటే సొంతంగా ఒక్కసారిగా ఆపొద్దు, ముఖం మీద ఎరుపు, మంట ఇంకా ఎక్కువగా తిరగబెడతాయి.

ఈసారి అభ్యాసం మూడు వారాలు. కొత్త ట్యూబు విప్పిన రోజు తేదీ దాని మీద పెన్నుతో రాయండి. వంటింటి కాటా ఉంటే విప్పగానే ఒకసారి, ప్రతి ఆదివారం ఒకసారి తూచి పుస్తకంలో రాయండి. రోజుకు రెండుసార్లు రాసేవాళ్ళకు వారానికి పదహారు, పదిహేడు గ్రాములు తగ్గాలి. పది కన్నా తక్కువ తగ్గితే వేళ్ళు నిండటం లేదన్నమాట. ఒక స్టీలు పళ్ళెం బోర్లించి, మీరు ఇన్నాళ్ళూ ఏం కలుపుతున్నారో అది కలిపి ఒక పక్క, కలపకుండా ఒక పక్క పాకించి, పది నిమిషాలాగి వెలుగుకు పెట్టి చూడండి. వారానికి ఒక రోజు ఉదయం ఎనిమిదింటికి, పన్నెండింటికి, సాయంత్రం నాలుగింటికి డాబా మీద నిలబడి మీ నీడను అడుగులతో కొలవండి. మూడో ఆదివారం రాత్రి ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపండి. గ్రాములు, నీడ అడుగులు రెండూ ఉండాలి.