దీవుల మధ్య ఫెర్రీ ఎక్కే ముందు: తొందరే అసలు ప్రమాదం

ఉష్ణమండల సముద్రాల్లో దీవి నుంచి దీవికి వెళ్లాలంటే చాలాచోట్ల ఫెర్రీయే దిక్కు. ఎక్కువ ప్రయాణాలు క్షేమంగానే ముగుస్తాయి. అలా ముగియని వాటి కథలు చదువుతూ పోతే ఒక విషయం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ప్రమాదం జరిగేది నడిసముద్రంలోనే అయినా దానికి బీజం రేవులోనే పడుతుంది. బయలుదేరకూడని వాతావరణంలో బయలుదేరడం, పట్టేదానికన్నా ఎక్కువ మందిని ఎక్కించడం, సముద్రానికి పనికిరాని పడవను నడపడం ఇవన్నీ తాళ్లు విప్పకముందే జరిగిపోతాయి. పడవ కదిలాక ప్రయాణికుడి చేతిలో మిగిలేది కొంచెమే. రేవులో నిలబడి ఉన్నంతసేపు మాత్రం "నేను ఎక్కను" అనే హక్కు పూర్తిగా మీది. ఆ మాట అనగలిగేలా ప్రయాణాన్ని ముందే అమర్చుకోవాలి.

ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇదే అని నా నమ్మకం. ఫెర్రీ దిగిన రోజే విమానం ఎక్కేలా టికెట్లు కొనకండి. మధ్యలో ఒక రాత్రి ఉండాలి. గాలులు ఎక్కువగా ఉండే నెలల్లోనైతే రెండు రాత్రులు ఉంటే ఇంకా మంచిది. సాయంత్రం విమానం తప్పిపోతుందన్న భయం ఉన్నవాడు నల్లటి మబ్బును చూసి కూడా పడవ ఎక్కుతాడు. ప్రభుత్వ ఫెర్రీ ఆగిపోయిందంటే ఎవరో ఒకరు చిన్న స్పీడ్ బోటుతో వచ్చి "మేం తీసుకెళ్తాం" అంటారు. ఆ బోటు ఎక్కవద్దు. పెద్ద పడవను ఆపేసిన సముద్రం చిన్న పడవను దయతలచి వదిలిపెట్టదు.

రోజులో మొదటి ఫెర్రీకి టికెట్ తీసుకోండి. ఉష్ణమండలంలో నేల వేడెక్కేకొద్దీ సముద్రపు గాలి బలపడుతుంది, ఉరుముల మబ్బులు మధ్యాహ్నం తర్వాతే ఎక్కువగా లేస్తాయి. అందుకే చాలాచోట్ల పొద్దున సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. మొదటిది రద్దయితే తర్వాతిది ఉంటుంది. చివరిది రద్దయితే ఆ రాత్రికి ఇంకేదీ ఉండదు.

టికెట్ కొనేటప్పుడు మీతో ఉన్న ప్రతి ఒక్కరి పేరూ, చంటిపిల్లల పేర్లు సహా, ప్రయాణికుల జాబితాలో రాయించండి. 1987 డిసెంబరు 20న ఫిలిప్పీన్స్‌లో డోనా పాజ్ అనే ఓడ ఒక చమురు ఓడను ఢీకొని కాలిపోయింది. జాబితాలో ఉన్నవి సుమారు 1,500 పేర్లు. చనిపోయినవారు 4,000కు పైనే ఉంటారని తర్వాత అంచనా వేశారు. జాబితాలో లేని మనిషి కోసం ఎవరూ వెతకరు. పడవ పేరు, బయలుదేరే సమయం, చేరవలసిన సమయం ఒడ్డున ఉన్న మీవాళ్లలో ఒకరికి సందేశం పెట్టండి. అనుకున్న వేళకు కబురు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా చెప్పి ఉంచండి.

కాలం, గాలి, అల

ఉష్ణమండలం అంటే అంతటా ఒకే రుతువు కాదు. పశ్చిమ పసిఫిక్‌లో టైఫూన్లు ఏ నెలలోనైనా రావచ్చు, జూలై నుంచి అక్టోబరు వరకు మరీ ముమ్మరం. కరీబియన్ వైపు హరికేన్ల కాలాన్ని జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు లెక్కిస్తారు. దక్షిణ పసిఫిక్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫానులు. ఒకే దేశంలో కూడా తేడా ఉంటుంది. థాయ్‌లాండ్‌లో ఫుకెట్ ఉన్న పడమటి తీరం మే నుంచి అక్టోబరు వరకు అల్లకల్లోలంగా ఉంటే, సముయ్ దీవి ఉన్న తూర్పు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఇబ్బంది. వానలు లేని కాలమంతా సముద్రం శాంతంగా ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. బాలి, లాంబోక్ దీవుల మధ్య జలసంధిలో జూలై, ఆగస్టు నెలల్లో ఎండ కాస్తూనే ఉంటుంది, ఆగ్నేయపు గాలులకు కెరటాలు మాత్రం ఎత్తుగా లేస్తాయి. ఇలాంటి ఇరుకు జలసంధుల్లో గాలి ఒకవైపు, ప్రవాహం దానికి ఎదురుగా ఉంటే అలలు నిట్టనిలువుగా, దగ్గరదగ్గరగా వస్తాయి. అదే గాలి ప్రవాహంతో కలిసి వీస్తే సముద్రం కొంత సర్దుకుంటుంది. స్థానిక సరంగులు ఆటుపోట్ల వేళలు చూసుకుని బయలుదేరేది ఇందుకే. వాళ్లు "ఇంకో గంట ఆగుదాం" అంటే విసుక్కోకండి.

వాతావరణ సూచనలో అల ఎత్తు 2 మీటర్లు అని ఉంటే ప్రతి అల ఎత్తూ అంతే ఉంటుందని కాదు. ఎత్తైన మూడో వంతు అలల సగటు అది. అప్పుడప్పుడు దానికి దాదాపు రెట్టింపు అల కూడా వస్తుంది. నేనైతే అల ఎత్తు మీటరున్నర దాటినా, గాలి 20 నాట్లు, అంటే గంటకు సుమారు 37 కిలోమీటర్లు దాటినా, పిల్లలతో చిన్న స్పీడ్ బోటు ఎక్కవద్దనే చెబుతాను. పెద్ద ఫెర్రీ ఇంకా తట్టుకోగలదు. కానీ పెద్ద ఓడ అన్న ధీమాకు కూడా హద్దు ఉంది. 2008 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో ప్రిన్సెస్ ఆఫ్ ద స్టార్స్ అనే ఫెర్రీ మనీలా నుంచి సెబూకు బయలుదేరినప్పుడు రేవులో ఉన్నది తుఫాను మొదటి స్థాయి హెచ్చరికే, అంటే అన్నిటికన్నా తక్కువది. అంత పెద్ద ఓడ వెళ్లడానికి అప్పటి నియమాలు ఒప్పుకున్నాయి. మరుసటి రోజు సిబుయాన్ దీవి దగ్గర టైఫూన్‌లో చిక్కి బోల్తాపడింది. 800 మందికి పైగా ఉన్న ఓడలో బయటపడినవారు కొద్దిమందే. కాబట్టి మీరు ఎక్కే రేవులో ఎండ కాస్తోందా అని చూస్తే సరిపోదు. దారి పొడవునా, చేరే రేవులో, చేరే వేళకు ఎలా ఉంటుందో చూడాలి. బయలుదేరే ముందు రాత్రి ఒకసారి, తెల్లవారాక మరొకసారి ఆ దేశపు వాతావరణ శాఖ బులెటిన్ చదవండి.

పడవను చూసి ఎక్కండి

జెట్టీ మీద పది నిమిషాలు ముందుగా నిలబడితే పడవ గురించి చాలా తెలుస్తుంది. కట్టి ఉన్నప్పుడే ఒక పక్కకు ఒరిగి ఉందా? ఎంతమంది పడతారో రాసిన పలక ఉందా, ఎక్కుతున్న జనం దానికి తగ్గట్టు ఉన్నారా? నడవాల్లో బస్తాలు, మోటారు సైకిళ్లు అడ్డం పెట్టారా? అత్యవసర ద్వారానికి తాళం ఉందా? వీటిలో ఏ ఒక్కటి తేడాగా కనిపించినా ఎక్కకపోవడానికి అది చాలు. ప్రశాంతమైన సముద్రం అధిక బరువును క్షమిస్తుందనుకోకండి. 2014 జనవరి 26న అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్ దగ్గర పర్యాటకుల పడవ మునిగి కనీసం 21 మంది చనిపోయారు. జనవరి అక్కడ తుఫానుల నెల కాదు. సామర్థ్యానికి మించి జనాన్ని ఎక్కించిన పడవ అది.

వాహనాలను మోసే ఫెర్రీలైతే ఇంకొక సంగతి. వాహనాల డెక్ అడ్డుగోడలు లేకుండా విశాలంగా ఉంటుంది. దానిలోకి కొద్దిపాటి నీరు చేరినా, పళ్లెంలో నీళ్లలా ఒరిగిన వైపుకే పరుగెత్తి ఓడను మరింత ఒరగదోస్తుంది. వాహనాలు ఎక్కే తలుపు పూర్తిగా మూయకుండా బయలుదేరుతుంటే సిబ్బందికి గట్టిగా చెప్పండి. ప్రయాణంలో వాహనంలో కూర్చోకండి, నిద్రపోకండి. స్పీడ్ బోటులో ముందు వరుస సరదాగా కనిపిస్తుంది, కానీ ముందుభాగం అలల మీద పడి కొట్టుకున్నప్పుడు వెన్నుపూస చితికిన ప్రయాణికులు ఉన్నారు. వెనక వైపు కూర్చోండి. గర్భిణులు, నడుము నొప్పి ఉన్నవారు, ఎముకలు గుల్లబారిన వృద్ధులు అలాంటి బోటుకు బదులు నెమ్మదిగా నడిచే పెద్ద పడవ ఎంచుకోవాలి. పెట్రోలు వాసన ఘాటుగా వస్తే సిబ్బందికి చెప్పండి. అది పోకుండానే ఇంజను వేస్తామంటే దిగిపోండి.

లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటం వద్దు. కూర్చోగానే అది ఎక్కడుందో చేత్తో తాకి చూడండి, తీసి పట్టీలు సరిచూడండి. చిన్న పడవలో అయితే బయలుదేరకముందే తొడుక్కుని ఉండాలి. పెద్దల జాకెట్ పిల్లలకు రక్షణ కాదు. నీళ్లలో పడగానే పిల్లవాడు దాని కిందనుంచి జారిపోతాడు. పిల్లల కొలత జాకెట్, వీలైతే కాళ్ల మధ్యనుంచి పట్టీ ఉన్నది, అడిగి తీసుకోండి. తరచూ దీవులు తిరిగే కుటుంబమైతే పిల్లల జాకెట్ సొంతంగా కొనుక్కుని వెంట తీసుకెళ్లడం మంచిది.

ఎక్కడ కూర్చోవాలి

ఇక్కడ రెండు అవసరాలు ఎదురెదురుగా నిలుస్తాయి. ఊపు తక్కువగా ఉండేది ఓడ మధ్యలో, కింది అంతస్తులో. బయటపడటానికి తేలికైనది పై డెక్‌లో, ద్వారం పక్కన. 2009 ఆగస్టు 5 రాత్రి దక్షిణ పసిఫిక్ దేశమైన టోంగాలో ప్రిన్సెస్ ఆషికా అనే ఫెర్రీ మునిగి 74 మంది చనిపోయారు. బయటపడిన 54 మందీ మగవారే. స్త్రీలు, పిల్లలు లోపలి గదుల్లో నిద్రపోతున్నారు, బయటికి రాలేకపోయారు. చలి, వాన తగలకూడదని ఆడవాళ్లనూ పిల్లలనూ లోపలికి పంపడం మనందరికీ అలవాటే. ఆ ప్రేమ వాళ్లను ద్వారానికి దూరం చేయకూడదు. వికారం సంగతి మందుతో చూసుకోవచ్చు, ద్వారాన్ని దగ్గరకు తెచ్చుకోలేం. అందుకే ద్వారానికి దగ్గరలోనే కుటుంబమంతా కలిసి కూర్చోవాలన్నది నా అభిప్రాయం. మీ సీటు నుంచి ద్వారానికి ఎన్ని వరుసలో లెక్కపెట్టుకోండి. కరెంటు పోయి చీకటైనప్పుడు ఆ లెక్కే దారి చూపుతుంది.

వికారానికి డైమెన్‌హైడ్రినేట్ వంటి మాత్ర బయలుదేరడానికి అరగంట, గంట ముందు వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక మాత్ర కడుపులో నిలవదు. చెవి వెనక అంటించే హయోసిన్ పట్టీ అయితే కనీసం 4 గంటల ముందు అంటించుకోవాలి, తాకిన చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆ చేతితో కన్ను నలిపితే కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది. గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవారు, మూత్రం సరిగా రానివారు, గర్భిణులు, పిల్లలు వైద్యుడిని అడగకుండా వీటిని వాడకూడదు. ఈ మందులు మగత తెస్తాయి, మద్యంతో కలిస్తే మరీ ఎక్కువ. ప్రమాద సమయంలో మేలుకుని ఉండవలసింది మీరే కాబట్టి ఆ రోజుకు మద్యం మానేయండి. ఖాళీ కడుపుతోనూ, నిండు కడుపుతోనూ వెళ్లకండి. ఫోనులోకి తల దించకుండా దిగంతం వైపు చూస్తూ ఉండండి. వెనక డెక్‌లో డీజిల్ పొగ తగిలి వికారం పెరుగుతుంది, అక్కడినుంచి లేచి రండి.

మందులు, పాస్‌పోర్టు, కొంత డబ్బు, ఫోను నీరు చొరని చిన్న సంచిలో పెట్టి ఒంటికే ఉంచుకోండి. పెద్ద సామాను ఎక్కడ పెట్టినా ఫర్వాలేదు. నీళ్ల సీసా, టోపీ, పొడవు చేతుల చొక్కా తప్పనిసరి. గాలి చల్లగా తగులుతుంటే చర్మం కాలుతున్నట్టే తెలియదు.

ఏదైనా జరిగితే

పెద్ద ఓడల్లో ఏడు చిన్న కూతలు, వెంటనే ఒక పొడవు కూత అంటే అత్యవసర హెచ్చరిక. చిన్న ఫెర్రీలో ఆ కూత రాకపోవచ్చు. పడవ ఒక పక్కకు ఒరిగి తిరిగి లేవకపోతే, నేల మీద నీళ్లు కనిపిస్తే, పొగ వస్తే సామాను వదిలేసి, జాకెట్ తీసుకుని బయటి డెక్‌కు రండి. గాలి నింపుకునే రకం జాకెట్‌ను గదిలోపల ఉబ్బించవద్దు. నీరు చేరితే అది మిమ్మల్ని పైకప్పుకు అదిమిపెడుతుంది, కిందికి మునిగి ద్వారం దాటనివ్వదు. అందరూ ఒకే పక్కకు పరుగెత్తితే పడవ ఆ పక్కకే తిరగబడుతుంది. డాల్ఫిన్లు కనిపించినప్పుడు కూడా ఇదే ప్రమాదం.

దూకక తప్పకపోతే ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో జాకెట్‌ను కిందికి అదిమిపట్టి, కాళ్లు ముందుగా దిగండి. బట్టలు విప్పకండి. అవి ఎండనుంచి, చలినుంచి కొంత కాపాడతాయి. ఉష్ణమండల సముద్రం గోరువెచ్చగా అనిపించినా అది మన ఒంటికన్నా చల్లనిదే, గంటలు గడిచేకొద్దీ ఒంటి వేడి లాగేస్తుంది. మోకాళ్లు ఛాతీకి ముడుచుకుని, నలుగురు కలిసి గుంపుగా ఉండండి. పడవ తిరగబడి తేలుతూ ఉంటే దాన్ని వదలకండి. వెతికేవారికి తలకన్నా పడవ తేలిగ్గా కనిపిస్తుంది. ఒడ్డు దగ్గరగా కనిపిస్తోందని ఈదడం మొదలుపెట్టిన వాళ్లను ప్రవాహం ఎటో తీసుకుపోతుంది. ఎంత దాహం వేసినా సముద్రపు నీరు తాగకండి.

ఎవరైనా నీళ్లలో పడితే గట్టిగా అరిచి, తేలే వస్తువు ఏదైనా విసిరి, ఒకరు మాత్రం చూపు తిప్పకుండా ఆ మనిషి వైపే వేలు చూపుతూ నిలబడాలి. అలల మధ్య ఒక తలను ఒక్కసారి పోగొట్టుకుంటే తిరిగి కనిపెట్టడం చాలా కష్టం.

దిగేటప్పుడు కూడా సిబ్బంది పడవకు తాడు కట్టి రమ్మనేదాకా సీటులోనే ఉండండి. పడవకూ జెట్టీకీ మధ్య చేయిగానీ కాలుగానీ పెట్టవద్దు, ఒక్క అల చాలు నలిగిపోవడానికి. వీపు సంచి నడుము పట్టీ ముందే విప్పుకోండి, సామాను సిబ్బందికి అందించి రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోండి. పడవ అలతో పైకి లేచి జెట్టీకి సమానంగా వచ్చిన క్షణంలో అడుగు వేయండి, గెంతకండి. నాచు పట్టిన మెట్ల మీద పట్టీ ఉన్న చెప్పులే నిలుస్తాయి. పిల్లలను ముందు ఒడ్డున ఒక పెద్దమనిషి అందుకోవాలి, వెనక ఇంకొకరు పట్టుకుని ఉండాలి.