ఒకరి జెండర్ సంగతి మీకు తెలిస్తే: పర్లాకిమిడి, రాయగడ విలేకరులకు

చీటీల మోసం వార్త రాస్తుంటే, నిందితురాలు ట్రాన్స్ మహిళ అని తెలిసిందనుకోండి. మోసానికి దానితో పనిలేదు, రాయకండి. వార్తకు నిజంగా అవసరమైతే ఆవిడనే అడగండి, ఏ పేరు వాడాలో కూడా. ఇంటి ఓనర్‌కో చుట్టాలకో ఫోన్ చేసి నిర్ధారించుకోవద్దు, ఆ ఫోన్‌తోనే గుట్టు బయటపడుతుంది! 2014 జనవరిలో అమెరికాలో గ్రాంట్‌లాండ్ అనే క్రీడల వెబ్‌సైట్ వేసిన గోల్ఫ్ పుట్టర్ (బంతిని గుంటలోకి నెట్టే కర్ర) కథలో, దాన్ని రూపొందించినావిడ ట్రాన్స్ మహిళ అన్న రహస్యాన్ని రిపోర్టర్ ఆవిడ పెట్టుబడిదారుకు చెప్పేశాడు, కథ వచ్చేనాటికే ఆవిడ ఆత్మహత్య చేసుకున్నారు, ఎడిటర్ తర్వాత క్షమాపణ చెప్పారు. డెస్క్ ఒత్తిడి చేస్తే, గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తేల్చిందని చెప్పండి. పేరు మార్చినా వీధి, కొట్టు రాస్తే పర్లాకిమిడిలో ఇట్టే పోల్చేస్తారు, కాబట్టి అవీ తీసేయండి, ఫొటో కూడా.