ఆకు పసుపెక్కితే ముందు అది ఏ ఆకో చూడండి

"ఆకులు పసుపెక్కాయి, ఏం వెయ్యమంటారు?" అని ఫోటో పంపే ప్రతివారినీ నేనడిగేది ఒకటే: అడుగు ఆకులా, చిగురాకులా? చాలామంది ఒక్క ఆకు తెంపి, అరచేతిలో పెట్టి ఫోటో తీస్తారు. అది నాకెందుకూ పనికిరాదు. మొక్క మొత్తం కనబడాలి.

మొక్కలో రెండు దారులున్నాయి. మొదటిది దారువు. పత్రరంధ్రాల్లోంచి నీరు ఆవిరై పోతుంటే ఆ లాగుడుకి వేర్ల నుంచి నీళ్లూ, వాటిలో కరిగిన లవణాలూ పైకి వస్తాయి. రెండోది పోషక కణజాలం. ఆకులో తయారైన చక్కెర ఈ దారినే వేర్లకీ, చిగుళ్లకీ, కాయలకీ పోతుంది. ఇందులో పైకీ కిందికీ రెండు వైపులా నడక ఉంటుంది.

నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం ఈ రెండో దారి కూడా ఎక్కగలవు. కొరత వస్తే మొక్క ముదురాకుల్లోంచి వాటిని లాగి చిగురుకి పంపేస్తుంది. దాంతో పసుపు కింద మొదలవుతుంది. కాల్షియం, ఇనుము అలా కదల్లేవు, చేరిన ఆకులోనే ఉండిపోతాయి. వీటి కొరత ముందు లేతాకులకే తగులుతుంది.

ఇక కింది నుంచి పైకి చూసుకుంటూ రండి. అడుగు ఆకులు మొత్తంగా పాలిపోతే నత్రజనిని అనుమానించండి. ఈనెలు పచ్చగానే ఉండి మధ్యలో పసుపైతే మెగ్నీషియం. అంచులు మాడుతుంటే పొటాషియం. ఈనెల మధ్య పసుపు చిగురాకుల్లో కనిపిస్తే ఇనుము. మట్టిలో ఇనుము ఉన్నా, క్షారగుణం ఎక్కువైతే వేరుకి అందదు. మొక్క బాగా పెరుగుతూ అడుగున ఒకటో రెండో ఆకులు పండితే అది వయసు, వదిలెయ్యండి.

ఏ ఎరువైనా వేసే ముందు మట్టిలో వేలు గుచ్చి చూడండి. మట్టి తడిగా ఉన్నా మొక్క వాడిపోతోందంటే వేర్లకి గాలి అందడం లేదేమో. లవణాలు లోపలికి తీసుకోవడానికి వేరుకి శక్తి కావాలి, ఆ శక్తికి ఆక్సిజన్ కావాలి. అప్పుడు ఎరువు గుమ్మరిస్తే మట్టిలో ఉప్పు పెరిగి, వేరుకి నీరు తీసుకోవడం ఇంకా కష్టమవుతుంది. నీళ్లు ఆపి, కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి.

మందు పనిచేసిందా అన్నది కొత్తగా విచ్చే ఆకుల్లో చూడాలి. బాగా పండిన ఆకు మళ్లీ పచ్చబడదు.

టమాటా కాయ అడుగు నల్లబడే సంగతి వేరే చెప్పాలి. కాయకి చేరే కాల్షియం తక్కువైనప్పుడు ఇలా అవుతుంది. మట్టిలో కాల్షియం ఉన్నా ఇది రావచ్చు. కాల్షియం వచ్చేది నీటితో, నీరు ఎక్కువగా పోయేది ఆవిరి ఎక్కువ పోయే ఆకులకి. కాయ నుంచి ఆవిరి పోయేది తక్కువ, కాబట్టి దానికి మిగిలేదీ తక్కువే. మట్టి ఒకసారి ఎండిపోయి, ఒకసారి చిత్తడైతే ఆ కాస్తా ఆగిపోతుంది. ఆకుల మీద కాల్షియం చల్లితే అక్కడి నుంచి కాయకి రాదు. ఎప్సమ్ సాల్ట్ వేయమని ఎవరైనా చెబితే వినకండి. అందులో ఉన్నది మెగ్నీషియం, వేరు దగ్గర కాల్షియంతో పోటీ పడుతుంది.

నల్లబడిన కాయలు తెంపేసి, మొదలు చుట్టూ ఎండుటాకులు పరిచి, మట్టి ఎప్పుడూ ఒకేలా తడిగా ఉండేటట్టు నీళ్లు పోయండి. తర్వాత వచ్చే పిందెల్లో తేడా కనిపిస్తుంది.