డెల్ఫ్ట్ చూడబోతున్నారా? ముందు కాలువ గట్టు సంగతి తెలుసుకోండి

అక్టోబరులో ఇక్కడ నెదర్లాండ్స్‌లో బడులకు సెలవులు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే అందరినీ తీసుకుని కాలువల ఊరు డెల్ఫ్ట్ వెళ్ళొద్దామనిపిస్తుంది. హేగ్ నుంచి రైల్లో పావుగంట, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి సుమారు గంట. తప్పకుండా వెళ్ళండి. కాకపోతే పిల్లలు, పెద్దవాళ్ళు వెంట ఉన్నప్పుడు ఏం చూడాలన్నదానికంటే ఎక్కడ ఎలా నడవాలన్నది ముందు ఆలోచించాలి.

పాత ఊళ్ళో కాలువలకు చాలాచోట్ల పిట్టగోడ గానీ కమ్మీలు గానీ ఉండవు. ఇటుక దారి అయిపోయిన చోటే నిట్టనిలువు గోడ, కింద నీళ్ళు. వేసవి నుంచి నీటి మీద చిన్న చిన్న ఆకుల పచ్చటి పొర పరుచుకుంటుంది. పసిపిల్లల కళ్ళకు అది అచ్చం గడ్డిలా కనిపిస్తుంది, అడుగేసేస్తారు. ఆకురాలు కాలంలో గట్టంతా తడి ఆకులు, ఇటుకలు జారతాయి. ఇక్కడి పిల్లల్ని చూసి ధీమా పడకండి. వాళ్ళు బట్టలు, బూట్లతో సహా ఈది చూపించి ఈత డిప్లొమా తెచ్చుకుంటారు. మన పిల్లల్లో చాలామందికి ఆ అలవాటు లేదు. కాబట్టి చెయ్యి వదలొద్దు, కాలువ వైపు మీరుండి ఇళ్ళ వైపు పిల్లల్ని నడిపించండి. కారు కాలువ పక్కన ఆపితే నీటి వైపు తలుపు అసలు తెరవకండి.

ఫొటోలు తీసేటప్పుడు మరీ జాగ్రత్త. ఔడె డెల్ఫ్ట్ కాలువ వెంట డచ్ ఈస్టిండియా కంపెనీ డెల్ఫ్ట్ శాఖ భవనం ఇప్పటికీ ఉంది. 1605లో మన మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది ఈ కంపెనీయే. ఆ ముఖద్వారం ఫ్రేములో పట్టాలని ఫోను చూసుకుంటూ వెనక్కి నడిస్తే వెనక ఉన్నది నీళ్ళే. ముందు తిరిగి చూసి, నిలబడే చోటు ఎంచుకుని, అప్పుడు ఫోను తీయండి.

ఎవరైనా పడితే వెంటనే దూకకండి. చన్నీళ్ళలో పడగానే ఊపిరి ఎగబీలుస్తుంది, ఈత వచ్చినవాళ్ళకూ చేతులు ఆడవు. వెల్లకిలా తేలమని అరవండి, లైఫ్‌బాయ్ (నీటి మీద తేలే రక్షణ చక్రం) కనిపిస్తే విసరండి, లేకపోతే చున్నీయో కండువాయో అందించండి. 112కి ఫోన్ చేయండి.

తర్వాతి గండం సైకిళ్ళు. ఎర్ర రంగు దారి సైకిళ్ళది, దాని మీద నిలబడి మాట్లాడుకోకూడదు. ఎలక్ట్రిక్ సైకిల్ చప్పుడు లేకుండా మీదికి వచ్చేస్తుంది. ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు అలవాటుగా కుడివైపే చూసి అడుగేస్తారు, ఇక్కడ బండ్లు ముందు ఎడమ నుంచి వస్తాయి. అమ్మకు ఈ మాట రైల్లోనే చెప్పండి. చీర కట్టినా సరే, కాళ్ళకు చెప్పులొద్దు, పట్టున్న బూట్లే వేయించండి.

కొత్త చర్చి గోపురానికి 376 మెట్లు, ఇరుకు మెలికలు. మోకాళ్ళ నొప్పి, గుండె జబ్బు ఉన్నవాళ్ళను మొహమాటపెట్టి ఎక్కించకండి. వాళ్ళను పాత చర్చికి తీసుకెళ్ళండి. 1675లో పోయిన చిత్రకారుడు వెర్‌మీర్ సమాధి అక్కడే ఉంది, ఆ చర్చి గోపురం ఒరిగి ఉండటం కింద నుంచే చూడొచ్చు. ఆదివారం ప్రార్థనలుంటాయి, చర్చిలు చూడాలంటే వేరే రోజు పెట్టుకోండి. ప్రిన్సెన్‌హోఫ్ మ్యూజియం మరమ్మతుల కోసం మూశారు, తెరిచారో లేదో చూసుకుని బయలుదేరండి.

గాలికి గొడుగు తిరగబడుతుంది, టోపీ ఉన్న రెయిన్‌కోటే దిక్కు. వాతావరణ శాఖ ఆరెంజ్ హెచ్చరిక ఇచ్చిన రోజు ప్రయాణం మానేయండి. తుఫాను గాలులకు చెట్లు పడతాయి, రైళ్ళు ఆగిపోతాయి. పట్టాల పనులు సాధారణంగా శని, ఆదివారాల్లోనే పెడతారు, పొద్దున్నే రైల్వే యాప్ చూడండి.

రైలుకు టికెట్ బదులు బ్యాంకు కార్డు తాకించి వెళ్ళేటట్టయితే ఒక్కొక్కరికి ఒక్కో కార్డు కావాలి. ఇండియా కార్డైతే విదేశీ లావాదేవీలు, కాంటాక్ట్‌లెస్ రెండూ బ్యాంకు యాప్‌లో ముందే ఆన్ చేయాలి. ఎక్కేటప్పుడు ఏది తాకించారో దిగేటప్పుడూ అదే తాకించాలి. ఎక్కేటప్పుడు కార్డు, దిగేటప్పుడు ఫోను అంటే డబ్బు ఎక్కువ పోతుంది.

అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారం గంట వెనక్కి జరుపుతారు. ఆ తర్వాత సాయంత్రం ఐదుంపావుకే పొద్దు గుంకుతుంది. అప్పటికల్లా పిల్లలతో కాలువ గట్లు వదిలి స్టేషన్‌కు చేరుకోండి.